రక్తశుద్ధి పొరలు – రోగి క్షేమం

ఉద్దేశం

మూత్రపిండాలు పనిచేయని వారికి డయాలిసిస్ ప్రాణాధారమైన చికిత్స. ఈ చికిత్సకు ఆయువుపట్టు సూక్ష్మరంధ్రాలున్న ఒక సన్నని పొర. ఆ పొరను ఏ పదార్థంతో తయారుచేస్తారు, అది రక్తాన్ని ఎలా వడపోస్తుంది, రోగి శరీరం దానిని ఎలా స్వీకరిస్తుంది అనే విషయాలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న మాదాపూరు ఒకప్పుడు రాళ్ళగుట్టల నడుమ ఒదిగిన చిన్న గ్రామం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆనాడు ఒక్క భవనంతో మొదలైన హైటెక్ సిటీ క్రమంగా కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా విస్తరించింది. ఆ ప్రాంతమంతా సైబరాబాదు అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. అక్కడి కార్యాలయాలలో దీపాలు రాత్రింబవళ్ళు వెలుగుతూనే ఉంటాయి. కోట్లాది అంకెలనుండి అవసరమైన వాటిని ఏరి, అక్కరలేని వాటిని తొలగించడమే అక్కడ పనిచేసే ఎందరికో నిత్యకృత్యం.

ఈ నగరంలోనే మరొక రకమైన వడపోత కూడా నిశ్శబ్దంగా సాగుతుంటుంది. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలపాటు, మూత్రపిండాలు చెడిపోయినవారు డయాలిసిస్ కేంద్రాలలో మంచంపై పడుకొని తమ రక్తాన్ని యంత్రం ద్వారా శుద్ధి చేయించుకొంటారు. తెల్లవారుజామునే చికిత్స ముగించుకొని ఉద్యోగానికి వెళ్ళేవారు వారిలో ఉన్నారు. వారి బ్రతుకు వెంట్రుక మందం కూడా లేని ఒక పొరపై ఆధారపడి ఉంది.

మూత్రపిండాల మహత్కార్యం

మన శరీరంలో వెన్నెముకకు ఇరువైపులా పిడికెడంత పరిమాణంలో మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు పనిచేస్తాయి. ఇవి రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంనుండి వడగడతాయి. అందులో శరీరానికి కావలసిన నీటిని, లవణాలను, చక్కెరను తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర పరిమాణంలో మాత్రమే మూత్రంగా విసర్జిస్తాయి. ఈ పని వారంలోని 168 గంటలూ విరామం లేకుండా జరుగుతుంది.

మధుమేహం, అధిక రక్తపోటు, ఇతర వ్యాధుల వల్ల ఈ అవయవాలు పూర్తిగా దెబ్బతిన్నప్పుడు యూరియా, క్రియాటినిన్ వంటి వ్యర్థాలు రక్తంలో పేరుకొంటాయి. నీరు నిలిచి కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు. పొటాషియం హద్దు మీరితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అప్పుడు రోగికి మిగిలే మార్గాలు ప్రధానంగా రెండు: మూత్రపిండ మార్పిడి, లేదా డయాలిసిస్. 168 గంటల పనిని 12 గంటలలో చేయవలసిన యంత్రం మూత్రపిండానికి పూర్తిగా సాటిరాదు. అందువల్లనే ఆ పన్నెండు గంటలలో రక్తం ఎలాంటి పొరను తాకుతున్నదనే ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం ఏర్పడింది.

గొట్టంలోని పొర

డయాలిసిస్ యంత్రం పక్కన మూరెడుకన్న కొంత చిన్నదైన పారదర్శకమైన గొట్టం నిలువుగా బిగించి ఉంటుంది. దీనిని డయలైజరు అంటారు. దీనిలో దారపు పోగులవంటి సన్నని బోలు గొట్టాలు దాదాపు పదివేలు ఉంటాయి. ఒక్కొక్క పోగు లోపలి వ్యాసం మిల్లీమీటరులో అయిదవ వంతుకు మించదు. రక్తం ఈ పోగుల లోపల ప్రవహిస్తుంది. పోగుల వెలుపల, ఎదురు దిశలో, శుద్ధమైన నీటితో తయారైన లవణద్రావణం ప్రవహిస్తుంది. ఈ పోగుల గోడలే మనం చెప్పుకొంటున్న పొర. వీటన్నిటినీ విప్పి పరిస్తే ఒకటి నుండి రెండు చదరపు మీటర్ల వైశాల్యం వస్తుంది.

గ్లాసు నీటిలో బెల్లం ముక్క వేసి కదపకుండా ఉంచినా, కొంతసేపటికి తీపి నీరంతా వ్యాపిస్తుంది. ఒక పదార్థం గాఢత ఎక్కువగా ఉన్నచోటునుండి తక్కువగా ఉన్నచోటికి ఇలా వ్యాపించడాన్ని విసరణ అంటారు. రోగి రక్తంలో యూరియా ఎక్కువ, లవణద్రావణంలో అది లేదు. కాబట్టి యూరియా పొర రంధ్రాలగుండా బయటికి పోతుంది. సోడియం రెండువైపులా ఇంచుమించు సమానంగా ఉండేటట్లు ద్రావణాన్ని కలుపుతారు కనుక అది రక్తంలో నిలిచి ఉంటుంది. పేరుకొన్న నీటిని మాత్రం పీడనభేదంతో పొరగుండా లాగుతారు. ఎర్ర రక్తకణాలు, ఆల్బుమిన్ వంటి పెద్ద మాంసకృత్తులు రంధ్రాలలో పట్టక రక్తంలోనే ఉండిపోతాయి.

చిన్న అణువులన్నీ సులభంగా పోతాయనుకోవడం కూడా పొరపాటే. భాస్వరం అణువు చిన్నదే అయినా, అది చాలావరకు కణాలలోను, ఎముకలలోను దాగి ఉండటం వల్ల నాలుగు గంటలలో తగినంతగా బయటికి రాదు. అందుకే రోగులకు ఆహారనియమం, మందులు తప్పవు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి లోకానికి అందించినవాడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మూత్రపిండ రోగుల పరీక్షలలో భాస్వరం లెక్క నేటికీ ముఖ్యమైనదే.

పార్చిమెంటు కాగితంనుండి పత్తి పొరకు

డయాలిసిస్ అనే మాటను 1861లో స్కాట్లాండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం వాడుకలోకి తెచ్చాడు. మొక్కల పదార్థంతో చేసిన పార్చిమెంటు కాగితం కొన్ని అణువులను పోనిచ్చి, మరికొన్నిటిని ఆపుతుందని ఆయన చూపాడు. 1913లో అమెరికాలో జాన్ ఏబెల్ బృందం జంతువుల రక్తాన్ని కొలోడియన్ గొట్టాలగుండా పంపి శుద్ధిచేసింది. 1924లో జర్మనీ వైద్యుడు గియోర్గ్ హాస్ మొదటిసారిగా మనిషికి ఈ చికిత్స చేశాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, జర్మనీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, విల్లెమ్ కోల్ఫ్ అనే యువ వైద్యుడు 1943లో ఒక విచిత్రమైన యంత్రాన్ని నిర్మించాడు. మాంసపు వంటకాలకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని కొయ్య పీపాకు చుట్టి, దానిని లవణద్రావణంలో తిప్పాడు. పదిహేనుమందికి పైగా రోగులకు చికిత్స చేసినా ఆశించిన ఫలితం దక్కలేదు. అయినా ఆయన పట్టు విడువలేదు. 1945లో మొదటిసారి ఒక రోగి ఆ యంత్రం సాయంతో కోలుకొన్నారు.

సెల్లోఫేన్ సెల్యులోజ్ అనే పదార్థంతో తయారవుతుంది. మనం కట్టుకొనే నూలుబట్టలోను, రాసుకొనే కాగితంలోను ఉన్నది ఇదే. తరువాతి దశాబ్దాలలో పత్తిగింజలకు అంటుకొని మిగిలే పొట్టి నూగును రాగి, అమ్మోనియా ద్రావణంలో కరిగించి కుప్రోఫాన్ అనే పొరను తయారుచేశారు. ఇది చవక, గట్టిది, పలుచనిది. యూరియాను చక్కగా తొలగించేది. ఎన్నో ఏళ్ళపాటు ప్రపంచంలోని డయాలిసిస్ రోగులలో ఎక్కువమంది దీని ఆధారంగానే జీవించారు.

పరాయిదనాన్ని పసిగట్టే రక్తం

అయితే 1968లో వైద్యులు ఒక వింతను గమనించారు. చికిత్స మొదలైన పదిహేను, ఇరవై నిమిషాలలో రోగి రక్తంలోని తెల్లకణాల సంఖ్య హఠాత్తుగా పడిపోతోంది. గంటా రెండు గంటలలో మళ్ళీ మామూలు స్థితికి వస్తోంది. ఆ కణాలు యంత్రంలో చిక్కుకోలేదు. మరి ఎక్కడికి పోయినట్లు?

1970లలో జరిగిన పరిశోధనలు ఈ చిక్కుముడిని విప్పాయి. సూక్ష్మజీవులను ఎదుర్కొనేందుకు మన రక్తంలో కాంప్లిమెంట్ అనే మాంసకృత్తుల రక్షణ వ్యవస్థ ఉంది. సెల్యులోజ్ చక్కెర అణువుల గొలుసు. దాని ఉపరితలమంతా హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. ఎన్నో సూక్ష్మజీవుల పైపొరలు కూడా ఇలాంటి చక్కెర గొలుసులతోనే నిర్మితమై ఉంటాయి. అందువల్ల రక్తం పత్తి పొరను తాకగానే శత్రువు ప్రవేశించినట్లు భావించి కాంప్లిమెంట్ వ్యవస్థ మేల్కొంటుంది. దాని సంకేతాలకు తెల్లకణాలు స్పందించి ఊపిరితిత్తుల కేశనాళికలలో గుంపుగా చేరుతాయి. రోగికి ఛాతీలో బరువు, నడుమునొప్పి, ఆయాసం వంటి బాధలు కలుగుతాయి. వారానికి మూడుసార్లు ఇలా జరిగితే శరీరంలో ఒక సన్నని నిప్పు ఆరకుండా రగులుతున్నట్లే.

రక్తం ఒక పదార్థాన్ని ఎంత తక్కువ అలజడితో సహిస్తుందో దానిని జీవానుకూలత అంటారు. దీనిని పెంచడానికి శాస్త్రజ్ఞులు రెండు దారులు తొక్కారు. మొదటిది పాతదానిని సంస్కరించడం. సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాల స్థానంలో ఎసిటైల్ సమూహాలను చేర్చి సెల్యులోజ్ డైఎసిటేట్, ట్రైఎసిటేట్ పొరలను తయారుచేశారు. వీటివల్ల అలజడి తగ్గింది. రెండవది కొత్తదానిని సృష్టించడం. పాలీఎక్రిలోనైట్రైల్, పాలీమిథైల్ మెథాక్రిలేట్, పాలీసల్ఫోన్, పాలీఈథర్ సల్ఫోన్ అనే కృత్రిమ బృహదణువులతో పొరలు వచ్చాయి. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి చివరి రెండు. పాలీసల్ఫోన్ స్వభావరీత్యా నీటిని అంటనీయదు. అందుచేత నీటిని ఇష్టపడే పాలీవినైల్ పైరోలిడోన్ అనే మరొక పదార్థాన్ని దానిలో కలుపుతారు. ఈ విధంగా ఒకటి బలాన్నీ, మరొకటి మెత్తదనాన్నీ సమకూరుస్తాయి.

ఎంత మంచి పొర అయినా రక్తానికి పరాయిదే. దానిని తాకిన రక్తం గడ్డకట్టడానికి ప్రయత్నిస్తుంది. కనుక సాధారణంగా హెపారిన్ అనే మందును ఇచ్చి రక్తాన్ని పలుచగా ప్రవహింపజేస్తారు.

రంధ్రం ఎంత ఉండాలి?

పిండిజల్లెడతో ఇసుకను, ఇసుకజల్లెడతో పిండిని జల్లించలేము. రక్తం విషయంలోనూ అంతే. యూరియా అణుభారం 60 డాల్టన్లు. క్రియాటినిన్ 113. ఆల్బుమిన్ సుమారు 66,000. ఈ రెండు కొసల నడుమ బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే మాంసకృత్తు ఉంది. దాని అణుభారం దాదాపు 11,800. పాత కుప్రోఫాన్ పొర రంధ్రాలలో ఇది పట్టేది కాదు. ఏళ్ళ తరబడి డయాలిసిస్ మీద ఉన్నవారికి కీళ్ళనొప్పులు, మణికట్టు తిమ్మిర్లు ఎందుకు వస్తున్నాయో చాలాకాలం తెలియలేదు. వారి కీళ్ళలోను, ఎముకలలోను పేరుకొంటున్న పదార్థం ఈ మాంసకృత్తేనని 1985లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించారు. ప్రాణం నిలిపిన చికిత్సే, తొలగించలేని దానిని లోపల వదిలివేసి, క్రమంగా చేతులను బిగబట్టిందన్నమాట.

కొంచెం పెద్ద రంధ్రాలున్న అధిక ప్రవాహ పొరలు ఈ కొరతను చాలావరకు తీర్చాయి. రంధ్రాలు పెద్దవైతే ప్రాణాలు ఎక్కువగా దక్కుతాయా అనే ప్రశ్నకు సమాధానం సులభంగా దొరకలేదు. అమెరికాలో 1,846 మంది రోగులపై జరిగిన హెమో అధ్యయనం 2002లో వెలువడింది. మొత్తంమీద మరణాలలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. చాలాకాలంగా చికిత్స పొందుతున్నవారికి మాత్రం కొంత మేలు ఉన్నట్లు తోచింది. 2009లో ఐరోపాలో వెలువడిన మరొక అధ్యయనంలో, ఆల్బుమిన్ తక్కువగా ఉన్న రోగులకు ఈ పొరలవల్ల లాభం కలిగినట్లు తేలింది. ఇలాంటి పొరగుండా ఎక్కువ ద్రవాన్ని లాగి, దానికి బదులు శుద్ధ ద్రవాన్ని రక్తంలోకి ఎక్కించే హీమోడయాఫిల్ట్రేషన్ పద్ధతిపై 1,360 మందితో జరిగిన అధ్యయనం 2023లో ప్రచురితమైంది. అందులో మరణాలు 21.9 శాతం నుండి 17.3 శాతానికి తగ్గాయి.

అలాగని రంధ్రాలను ఇష్టం వచ్చినట్లు పెంచలేము. అవి మరీ పెద్దవైతే వ్యర్థాలతోపాటు ఆల్బుమిన్ కూడా పోతుంది. అసలే ఆకలి మందగించి బలహీనపడిన రోగికి అది తీరని నష్టం. తీసివేయడం ఎంత అవసరమో, ఉంచవలసిన దానిని ఉంచడమూ అంతే అవసరం.

అందరికీ సరిపడే పొర ఉందా?

పొర గుణం దాని పదార్థంపైననే కాక, రోగి వాడే మందులపైన కూడా ఆధారపడుతుంది. రుణావేశం గల ఒక రకపు పాలీఎక్రిలోనైట్రైల్ పొర రక్తంలో బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. సాధారణంగా శరీరం దానిని వెంటనే నశింపజేస్తుంది. కాని రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్ వంటి మందులు ఆ నాశనాన్ని అడ్డుకొంటాయి. మందూ మంచిదే, పొరా మంచిదే. రెండూ ఒక్కచోట కలిసినప్పుడు మాత్రం రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయింది. 1990 ప్రాంతంలో వైద్యులు ఈ సంబంధాన్ని గుర్తించి హెచ్చరించారు.

1980లలో కొందరు రోగులకు తీవ్రమైన అలర్జీ కలిగింది. దానికి కారణం పొర కాదు, గొట్టాన్ని సూక్ష్మజీవిరహితం చేయడానికి వాడిన ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు. తరువాత నీటి ఆవిరి, గామా కిరణాల పద్ధతులు ప్రచారంలోకి వచ్చాయి. 2001లో స్పెయిన్, క్రొయేషియా మొదలైన దేశాలలో యాభైమందికి పైగా డయాలిసిస్ రోగులు మరణించారు. గొట్టాల తయారీలో వాడిన ఒక ద్రవం లోపల మిగిలిపోవడమే కారణమని విచారణలో తేలింది. అరుదుగానైనా, నేటి పాలీసల్ఫోన్ పొరలు సైతం కొందరికి పడవు. అలాంటివారికి సెల్యులోజ్ ట్రైఎసిటేట్ పొర అనుకూలిస్తుంది. ఒకప్పుడు వెనుకబడినదిగా భావించిన పత్తి వంశపు పొరే సంస్కారం పొంది కొందరిని కాపాడుతోంది. కనుక శ్రేష్ఠమైన పొర ఏది అని కాక, ఈ రోగికి తగిన పొర ఏది అని అడగడం ఉచితం.

నీరు, ఖర్చు, మన నేల

రంధ్రాలగుండా అణువులు రెండువైపులా పోగలవు. రక్తంలోని మలినం బయటికి పోయినట్లే, ద్రావణంలోని మలినం రక్తంలోకి రాగలదు. ఆరోగ్యవంతుడు రోజుకు రెండు మూడు లీటర్ల నీరు తాగుతాడు. డయాలిసిస్ రోగి రక్తానికి ఒక్క పూట చికిత్సలో దాదాపు 120 లీటర్ల నీటితో సంపర్కం ఏర్పడుతుంది. మన ప్రాంతాలలో బోరునీటి కాఠిన్యం, నల్లగొండ ఫ్లోరైడు బాధ అందరికీ తెలిసినవే. నగరపు నీటిలో క్రిమిసంహారానికి కలిపే క్లోరిన్ పదార్థాలు ఎర్రకణాలను చిట్లగొట్టగలవు. అందువల్ల కేంద్రాలలో నీటిని బొగ్గు వడపోతతోను, తిరోగమన ద్రవాభిసరణతోను శుద్ధిచేస్తారు. పెద్ద రంధ్రాల పొరను వాడేచోట ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఖర్చు మరొక సమస్య. మన దేశంలో ఒక రోగి వాడిన గొట్టాన్ని రసాయనాలతో శుభ్రపరచి అదే రోగికి మళ్ళీ వాడే పద్ధతి ఉంది. గొట్టంలో పట్టే ద్రవ పరిమాణం మొదటిదానిలో 80 శాతంకన్న తగ్గితే దానిని పారవేయాలన్నది నియమం. పూర్వం కుప్రోఫాన్ పొరను మళ్ళీ వాడితే అలజడి తగ్గేది. రోగి మాంసకృత్తులే దానికి పూతగా ఏర్పడటం ఇందుకు కారణం. కృత్రిమ పొరలు వచ్చాక ఆ ప్రయోజనం పోయింది, మిగిలింది పొదుపు మాత్రమే. శుభ్రపరచడంలో ఏమరుపాటు కలిగితే అంటువ్యాధుల భయం ఉంది. ఈ కారణంగా తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల డయాలిసిస్ కేంద్రాలలో ఒకసారి వాడి పారవేసే గొట్టాలను ప్రవేశపెట్టారు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు ఖరీదైన చికిత్సల తలుపు తెరిచింది. 2016లో కేంద్రప్రభుత్వం జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రకటించింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల నడుమ నివసించే వేలాది కుటుంబాలను కారణం పూర్తిగా తేలని మూత్రపిండ వ్యాధి పీడిస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దూరప్రయాణం చేసి చికిత్స పొందవలసివచ్చిన వారికి అది పెద్ద ఊరట.

హైదరాబాదులో పుట్టి దేశమంతటా డయాలిసిస్ కేంద్రాలను విస్తరించిన నెఫ్రోప్లస్ సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన కమల్ షా స్వయంగా డయాలిసిస్ రోగి. రసాయన ఇంజనీరింగు చదివిన ఆయనకు 1997లో మూత్రపిండాలు చెడిపోయాయి. ఆయన తరువాతి కాలంలో ఇంటివద్దనే, రాత్రివేళ నిద్రలో, ఎక్కువ గంటలు డయాలిసిస్ చేసుకొన్నారు. పొర ఎంత మంచిదైనా దానికి తగిన సమయం ఇవ్వాలన్న సత్యం ఇక్కడ స్పష్టమవుతుంది. నిదానంగా, ఎక్కువసేపు జరిగే శుద్ధి భాస్వరం వంటి మొండి పదార్థాలను కూడా తొలగించగలదు.

ముగింపు

పార్చిమెంటు కాగితంనుండి పాలీసల్ఫోన్ పోగు దాకా సాగిన ఈ ప్రయాణంలో శాస్త్రజ్ఞులు నేర్చుకొన్నది ఒకటే. పొర కేవలం జల్లెడ కాదు. రంధ్రం ఏది పోవాలో నిర్ణయిస్తే, ఉపరితలం రక్తం ఎలా స్పందించాలో నిర్ణయిస్తుంది. ఈ రెండూ రోగి వయస్సు, మందులు, పోషణ, అలర్జీ, చికిత్సాకాలం అనే వాటితో పొందిక కుదరాలి. చికిత్స మొదలైన కొద్ది నిమిషాలలో దురద, ఆయాసం, ఛాతీనొప్పి కలిగితే రోగి సంకోచించక వెంటనే చెప్పాలి. వైద్యులు ఆ పొర పేరును, లక్షణాన్ని నమోదు చేయాలి. ఆ ఒక్క వాక్యం మరొకనాడు మరొక కేంద్రంలో ఆ రోగి ప్రాణాన్ని కాపాడవచ్చు.

సైబరాబాదు భవనాలలో ఒక అంకె తప్పితే దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. రక్తం వడపోతలో ఆ వ్యవధి నిమిషాలలోనే ఉంటుంది. నేడు ఈ పాఠం చదివే విద్యార్థులలో కొందరు రేపు రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, వైద్యులు, నర్సులు కావచ్చు. మన పత్తిచేల నేలలో, మన ప్రయోగశాలలలో, మన పేదవానికి అందుబాటు ధరలో, రక్తం పరాయిదిగా భావించని పొరను తయారుచేసే పని వారి కోసం వేచి ఉంది.

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. డయాలిసిస్ పొరల తయారీలో వచ్చిన మార్పులను పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘శ్రేష్ఠమైన పొర ఏది అని కాక, ఈ రోగికి తగిన పొర ఏది అని అడగడం ఉచితం’ – ఈ అభిప్రాయాన్ని సోదాహరణంగా సమర్థించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పత్తి పొరను తాకినప్పుడు రక్తంలో అలజడి ఎందుకు కలుగుతుంది?
2. పొర రంధ్రాలు మరీ చిన్నవైనా, మరీ పెద్దవైనా కలిగే నష్టాలేవి?
3. డయాలిసిస్‌లో నీటి శుద్ధికి గల ప్రాధాన్యాన్ని తెలపండి.

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. డయాలిసిస్ అనే మాటను వాడుకలోకి తెచ్చినవారెవరు?
2. జీవానుకూలత అంటే ఏమిటి?
3. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించిన తెలుగు శాస్త్రవేత్త ఎవరు?